పదకొండు దగ్గర ఆగిన బాబాయ్

ఆ రోజుల్లో కంప్యూటరుకు రెండో తెర తగిలించడమంటే ఇప్పటిలా తీగ గుచ్చి చేతులు దులుపుకోవడం కాదు. అందులోనూ ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద అయితే అదొక వ్రతం. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు మానిటర్ తీగ అలా పెట్టగానే రెండు తెరలూ వెలుగుతాయి. వాళ్లు కనీసం ఆశ్చర్యపోరు కూడా. నాకు మాత్రం ప్రతిసారీ ఆ మానిటర్‌కి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఎందుకంటే బచేలిలో లినక్స్ పెట్టె మీద రెండు తెరల్లో రెండు వేరువేరు బొమ్మలు చూపించిన మొదటివాణ్ని నేనే (కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే రావచ్చు, మా పిన్ని సాక్ష్యం చెబుతుంది). ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను. కానీ ఆ కథను ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, క్లబ్బు విందుల్లో నేను చెబుతూ వచ్చిన తీరు మాత్రం సరైనది కాదు. నేను చెప్పే కథలో మొనగాణ్ని నేను, నవ్వులపాలయ్యేది మా బాబాయ్. తంబోలా వేదిక మీద పదకొండు అనే నెంబరు వచ్చినప్పుడు ఆయన నోరు తెరిచి, మాట రాక, అలాగే నిలబడి, మళ్లీ నోరు మూసుకున్న తీరు నేను నటించి చూపించేవాణ్ని. జనం అన్నం విస్తళ్ల ముందు పొట్ట పట్టుకుని నవ్వేవారు. "ఇంకోసారి చెయ్యండి" అని అడిగి మరీ చేయించుకునేవారు. ఆ నవ్వులు నాకు రావలసినవి కావని కిందటి నెలే తెలిసింది. అందుకని ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అప్పటికి నా చేతిలో డిప్లొమా ఉంది, ఉద్యోగం లేదు. శ్రీకాకుళం వైపు మా ఊళ్లో కూర్చుని గోడలు చూస్తుంటే మా నాన్నకి నన్ను చూడబుద్ధి కాక, కిరందుల్ ప్యాసింజర్ ఎక్కించి బచేలిలో ఉన్న బాబాయ్ దగ్గరికి పంపాడు. బాబాయ్ కొండ మీద ఇనుప గనిలో డంపర్, అంటే ఖనిజం మోసే రాక్షస లారీ, నడిపేవాడు. పిన్నిది కుంట అనే ఊరి వైపు, శబరి నది ఒడ్డు. ఇంట్లో ఆయన యాస ఆయనది, ఆవిడ యాస ఆవిడది. గడప దాటితే హిందీ, సంతకెళితే అక్కడి గిరిజనులు మాట్లాడే హల్బీ. వచ్చిన కొత్తలో వంకాయలు కొనడానికి కూడా నేను మూడు భాషల్లో తడుముకునేవాణ్ని. క్వార్టర్స్ గోడలు, తీగ మీద ఆరేసిన చొక్కాలు, బాబాయ్ కనుబొమలు, అన్నీ గని దుమ్ముకి ఒకే ఎరుపులో ఉండేవి. నా సామాన్లలో విలువైనది ఒక్కటే, విశాఖపట్నంలో పాత విడిభాగాలు ఏరి నేనే బిగించుకున్న కంప్యూటరు. దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అందులో లినక్స్ ఎందుకంటే మా కాలేజీలో ఒక లెక్చరర్ సీడీ ఇచ్చి, "ఇది నేర్చుకున్నవాడికి ఎవరి అవసరమూ ఉండదు" అన్నాడు. నాకు అప్పటికి అందరి అవసరమూ ఉంది కనుక ఆ మాట బాగా నచ్చింది.

బాబాయ్‌కి డంపర్ కంటే పెద్ద హోదా ఒకటుంది. ప్రతి ఉగాదికీ క్లబ్బులో జరిగే తంబోలాకి నెంబర్లు పిలిచేది ఆయనే. తంబోలా తెలియనివాళ్లు ఉండరనుకుంటాను. చేతిలో నెంబర్ల చీటీ ఉంటుంది, పిలిచిన నెంబరు మన దగ్గరుంటే కొట్టేసుకుంటాం, వరుస నిండితే స్టీలు క్యారేజీయో కుక్కరో ఇస్తారు. అన్ని ఊళ్లలోనూ అంతే. మా టౌన్‌షిప్‌లో మాత్రం ఒక ఆచారం ఉంది. పిలిచేవాడు గుడ్డసంచిలోంచి బిళ్ల తీసి, ముందు తానొక్కడే చూసుకుని, దాని మీద ఏదో ఒక చమత్కారం విసరాలి. హాలంతా అదేమిటా అని ఊహించాలి. ఆ తరువాతే నెంబరు. "పొద్దున్నే వస్తాది, అదొక్కటీ తప్పితే ఇంక సముద్రం మొహం చూడలేం" అంటే ఒకటి, అంటే విశాఖకి రోజుకి ఒక్కటే వెళ్లే కిరందుల్ ప్యాసింజర్. "మా ఆవిడ చక్రాలు పిండితే మధ్యలో నలిగిపోనాది" అంటే ఎనిమిది. వినడానికి చిన్న మాటలే. కానీ బిళ్ల చూసుకుని ఆయన నవ్వు ఆపుకునే ఆ కాస్త సమయంలో హాలంతా ఊపిరి బిగబట్టేది. కుక్కర్ల కోసం వచ్చేవాళ్లు కొందరే, మిగతావాళ్లందరూ ఆ కాస్త సమయం కోసమే వచ్చేవారు. ఒకసారి అన్న మాట ఆయన మరో ఏడాది అనడు. ఉగాదికి ముందు రోజుల్లో గడ్డం గీసుకుంటూ కొత్తవి కట్టుకునేవాడు. అద్దం ముందు గొణుక్కుని, తనలో తాను నవ్వుకుని, ఒక్కోసారి కోసుకునేవాడు కూడా. మనం దగ్గరికి వెళితే టక్కున ఆపేసేవాడు. పిన్నికి కూడా చెప్పేవాడు కాదు. "నెత్తురు కారుతుంటది గానీ నోరు మాత్రం విప్పడు" అని ఆవిడ దూది తెచ్చి ఇచ్చేది.

ఆ ఏడాది తంబోలా ఆయనకి ఆఖరిది. ఆ తరువాత రిటైర్మెంటు, క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోవడం. అందుకే ఆ ఏడు గడ్డం గీసుకోవడానికి మామూలు కంటే చాలా ఎక్కువసేపు పట్టేది.

అలాంటి సమయంలో క్లబ్బు సెక్రెటరీ గారు (భిలాయ్ నుంచి వచ్చిన ఆఫీసరు, మంచివాడే, కొత్త వస్తువులంటే మోజు) మా ఇంటికి టీ తాగడానికి వచ్చి, "పీఛేవాలోం కో కుఛ్ దిఖ్‌తా నహీ, వెనకవాళ్లకి ఏమీ కనబడదు. ఈసారి పెద్ద టీవీ పెడదాం. మీ భతీజా కంప్యూటర్ వాడు కదా" అన్నారు. పిలిచిన నెంబర్లన్నీ టీవీ మీద పలకలాగా కనిపించాలని ఆయన కోరిక. బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "టీవీలో నెంబరు పడిపోతే ఇంక నానెందుకండీ" అన్నాడు నెమ్మదిగా. అప్పుడు నేను నా జీవితంలో మొదటి ప్రకటన చేశాను. "రెండు తెరలు పెడతాను. నెంబరు ముందు బాబాయ్ తెర మీద మాత్రమే వస్తుంది. ఆయన చెప్పాల్సింది చెప్పి బటన్ నొక్కాకే టీవీ మీద వెలుగుతుంది" అన్నాను. సెక్రెటరీ గారు నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. బాబాయ్ నా వైపు తిరిగి, "ఆ బటను నా చేతిలోనే ఉంటాదా" అని అడిగాడు. ఉంటుందన్నాను. "అయితే చెయ్యి" అన్నాడు.

చెప్పడం సులువే. నెంబర్లు తీసే చిన్న ప్రోగ్రాం రాయడం కూడా సులువే. తెరల దగ్గరే వచ్చింది చిక్కు. తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డుని నడిపే ప్రోగ్రాంని డ్రైవర్ అంటారు. లినక్స్‌తో పాటు ఉచితంగా వచ్చిన డ్రైవర్‌కి నా కార్డు గురించి పెద్దగా అవగాహన లేదు. రెండో తెర తగిలిస్తే రెండింటి మీదా ఒకే బొమ్మ చూపించేది, అద్దంలో మొహం చూసుకున్నట్టు. రెండింటి మీదా వేరువేరు కావాలంటే ఆ కార్డు తయారుచేసిన కంపెనీ తన సొంతంగా రాసుకున్న డ్రైవర్ కావాలి. లోపల ఏముందో ఆ కంపెనీ ఎవరికీ చూపించదు (ఈ విషయంలో కంపెనీదీ మా బాబాయ్‌దీ ఒకటే పద్ధతి). ఇంట్లో ఇంటర్నెట్ లేదు. జగదల్‌పూర్ పట్నం వెళ్లి, నెట్ సెంటర్లో దాన్ని దింపుకుని, పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో పెట్టుకుని బస్సులో చెయ్యి అడ్డుపెట్టుకుంటూ వచ్చాను. తీరా దాన్ని బిగించాలంటే బొమ్మలన్నీ ఆపేసి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో పని చేయాలి. రెండో తెర కావాలి కాబట్టి బాబాయ్ కొత్తగా కొన్న టీవీని తగిలించాను. అది సరిగ్గా పిన్ని సీరియల్ వేళ.

"ఏందిరా ఇది, టీవీ చచ్చిపోయిందా" అంది పిన్ని, చేటలో బియ్యం పట్టుకుని గుమ్మంలో నిలబడి.

"చావలేదు పిన్నీ. డ్రైవర్ ఎక్కిస్తున్నాను."

"డ్రైవర్ మీ బాబాయ్ ఉండె గదా. ఇంకో డ్రైవర్ ఎందుకు? ఆ పిల్లకి ఇయ్యాల పెళ్లి జరుగుతదో లేదో ఈ నల్ల తెర మీద నాకెట్ల తెలుస్తది?"

పాత డ్రైవర్ కుర్చీ ఖాళీ చేయకుండా కొత్తది కూర్చోదు. పాతదాన్ని లేపేశాక కొత్తది ఏదో తక్కువైందని అలిగితే ఇక ఏ బొమ్మా రాదు. ఆ వారమంతా మా ఇంట్లో ఏ బొమ్మా రాలేదు. పిన్ని సీరియల్ చూడ్డానికి పక్క క్వార్టర్‌కి వెళ్లి, వచ్చి కథ నాకు చెప్పేది, దానివల్ల నాకు మరింత పాపభారం. చివరికి ఉగాది ముందటి శనివారం మధ్యాహ్నం, ఏ వరుసలో ఏం రాశానో నాకే సరిగ్గా గుర్తులేని స్థితిలో, రెండు తెరలూ వెలిగాయి. మానిటర్ మీద ఒకటి, టీవీ మీద ఇంకొకటి. ఒక్కటే లోపం. మౌస్ బాణం కుడివైపు అంచు దాటితేనే టీవీలోకి వెళుతోంది, కానీ మా టీవీ ఎడమవైపు గూట్లో ఉంది. ఆ సెట్టింగు ఎక్కడ మార్చాలో తెలియక, నేనూ పిన్నీ కలిసి టీవీనే మోసి కుడివైపుకి మార్చాం. అప్పుడు బాణం మానిటర్ దాటి, గాల్లో కాస్త మాయమై, టీవీలో తేలింది. పిన్ని చేట కింద పెట్టింది. "అరె, అటు దుంకింది" అంది. నా జీవితంలో నాకు వచ్చిన ప్రశంసాపత్రాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. రికార్డు సరిచేస్తున్నాను కాబట్టి ఇది కూడా రాసుకోవాలి: అది పనిచేసింది. శనివారం మధ్యాహ్నం, బచేలిలో, కంపెనీ క్వార్టర్స్‌లో అది చక్కగా పనిచేసింది.

ఆ ఆనందంలో నేను పాత బిళ్లల సంచిని పక్కింటి పిల్లలకి ఆడుకోమని ఇచ్చేశాను. "ఇంక దీంతో పనేముంది బాబాయ్" అన్నాను. ఆయన సంచి వెళ్లిన వైపే కాసేపు చూశాడు.

ఉగాది ఉదయం కంప్యూటరును స్కూటర్ మీద క్లబ్బుకి తీసుకెళ్లాను. క్లబ్బు ఆఫీసులో మంచి ఇంటర్నెట్ ఉంది. నా పెట్టె పుట్టి బుద్ధెరిగాక మంచి ఇంటర్నెట్ చూడటం అదే మొదలు. తీగ పెట్టగానే మూలనుంచి ఒక చిన్న కిటికీ వచ్చి, "మీకోసం అప్‌డేట్లు ఉన్నాయి, చేయమంటారా" అని అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనలేకపోయాను. పైగా ఊరికే వస్తున్న ఇంటర్నెట్. సరేనని నొక్కేసి, మామిడాకుల తోరణాలు కట్టడానికి వెళ్లాను. ఆ అప్‌డేట్లలో కెర్నల్ కూడా ఉందని, అంటే లినక్స్‌కి గుండెకాయే మారిపోయిందని, నేను బిగించిన డ్రైవర్ పాత కెర్నల్ కొలతకి చేసిన మూతలాంటిదని, డబ్బా మారితే ఆ మూత పట్టదని, అప్‌డేట్లతో పాటు పాత ఉచిత డ్రైవర్ మళ్లీ వచ్చి కూర్చుంటుందని నాకు తెలియదు. మళ్లీ వెలిగించేటప్పుడు పాత కెర్నల్‌ని ఎంచుకుంటే సరిపోయేదని కూడా తెలియదు. అది చిటికెలో పని. ఇప్పటికీ తలుచుకుంటే చిటికె వేయబుద్ధి కాదు.

సాయంత్రం హాలు నిండింది. పక్క గని ఊరు కిరందుల్ నుంచి కూడా జనం వచ్చారు. బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గడ్డం మీద దూదిముక్కతో వేదిక ఎక్కాడు. నేను పెట్టె వెలిగించాను. మానిటర్ మీదా, పెద్ద టీవీ మీదా ఒకే బొమ్మ వచ్చింది. అక్షరాలు కొబ్బరికాయలంత ఉన్నాయి. మళ్లీ ఆపి వెలిగించాను. మళ్లీ అదే. సెక్రెటరీ గారు మైకులో "షురూ కరేంగే" అనేశారు. పాత సంచి పిల్లల దగ్గర ఎన్ని ముక్కలైందో దేవుడికే తెలియాలి. వేరే దారి లేక ప్రోగ్రాం నొక్కాను. బాబాయ్ కోసం రావాల్సిన మొదటి నెంబరు, ఆయన కళ్లజోడు సర్దుకునేలోపే, హాలంతటికీ టీవీలో కనిపించింది. "పద్నాలుగు" అని అన్ని భాషల్లో ఒకేసారి అరిచారు.

బాబాయ్ మానిటర్ చూశాడు. టీవీ చూశాడు. తరువాత నన్ను చూశాడు. ఆయన నెల రోజులుగా కట్టుకున్నవన్నీ ఆ ఒక్క చూపులో మూటకట్టి పక్కన పెట్టేశాడని నాకు అప్పుడు అర్థం కాలేదు. మైకు అందుకుని, "సరే, నెంబరు మీకే తెలిసిపోనాది. అయితే ఈ ఏడాది పేరు మీరే పెట్టండి. పద్నాలుగంటే ఏటి?" అన్నాడు.

వెనకనుంచి ఒక కిరందుల్ ఆయన లేచి, "మా కొండ గని" అన్నాడు. అక్కడ గనులకి పేర్లు ఉండవు, నెంబర్లే. ఐదు వచ్చినప్పుడు బచేలివాళ్లు "మా గని" అని అంతకంటే గట్టిగా అరిచారు. ఇంక ఆగలేదు. హిందీలో ఒకరు, తెలుగులో ఒకరు, ఎప్పుడూ నోరెత్తని స్టోర్స్ గుమాస్తా కూడా హల్బీలో ఒక మాట విసిరి తానే సిగ్గుపడి కూర్చున్నాడు. పిన్ని కూడా లేచి అరవైకి "మా ఇంటాయనకి గేటు చూపించే నెంబరు" అంది. హాలు కప్పు ఎగిరిపోయినంత పనైంది.

అప్పుడు వచ్చింది పదకొండు. బాబాయ్ తెర చూసి, కళ్లు చిన్నవి చేసుకుని, నోరు తెరిచాడు. నన్ను చూశాడు. అలాగే ఉండిపోయాడు. ఆ తరువాత నోరు మూసుకుని మైకు దించాడు. ఎవరో "సెక్యూరిటీ వాడి కాళ్లు" అని అరిచారు, ఆట ముందుకి వెళ్లింది. నేను పెళ్లిళ్లలో నటించి చూపించింది ఆ క్షణాన్నే.

ఆట అయ్యాక సెక్రెటరీ గారు పరుగున వచ్చారు. "పబ్లిక్ సే బుల్‌వాయా. క్యా ఐడియా హై. ఎవరిది ఈ ఆలోచన?" అన్నారు. నేను నేల చూస్తున్నాను. బాబాయ్, "మావోడిదే సార్. జనం చేత పలికించాలని ఆడే అలా పెట్టినాడు" అన్నాడు. ఆ తరువాతి నెలలో ఒక కాంట్రాక్టు ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో అడిగింది తంబోలా గురించే. నేను ఆ ఆలోచన నాదేనని ఎంత బాగా చెప్పానంటే, గది బయటికి వచ్చేసరికి నేనే నమ్మేశాను. అలా నమ్మినవాడికి పదకొండు దగ్గర నోరు తెరిచి నిలబడ్డ బాబాయ్ నవ్వొచ్చే మనిషి కాక ఇంకేమవుతాడు? మరుసటేడు నుంచి క్లబ్బులో జనమే పేర్లు పెట్టడం ఆచారమైంది. బాబాయ్ ఆ ఏడాది కట్టుకున్నవి మాత్రం ఎవరూ వినలేదు.

కిందటి నెల బాబాయ్, పిన్ని విశాఖ నుంచి బచేలి చూడాలని వచ్చారు. ఇప్పుడు నాకూ ఇక్కడ ఒక క్వార్టర్ ఉంది, బల్ల మీద రెండు మానిటర్లు ఉన్నాయి. ఆఫీసు పని కోసమే, కానీ ఒక్కోసారి ఊరికే బాణాన్ని అటూ ఇటూ దుంకిస్తుంటాను. టీ తాగుతూ నేను అప్‌డేట్ల సంగతి, కెర్నల్ సంగతి, ఆలోచన నాది కాదన్న సంగతి అంతా చెప్పేశాను. పెళ్లిళ్లలో నటించే సంగతి మాత్రం దాటేశాను. ఒక పెళ్లిలో చూసిన పిన్ని దాన్నీ చెప్పేసింది.

"తప్పైపోయింది బాబాయ్" అన్నాను.

"టీవీలోనూ పెట్టెలోనూ ఒకటే బొమ్మ ఆడతంటే పాడైపోనాదని నాకు తెల్దేట్రా? డంపర్ నడిపినోణ్ని, గుడ్డోణ్ని కాదు" అన్నాడు ఆయన. టీ గ్లాసు దించి, "ఆ ఆట ఇంకా ఉన్నాదా నీ దగ్గర?" అన్నాడు.

ఉంది. ఇన్ని కంప్యూటర్లు మారినా దాన్ని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మోస్తూనే ఉన్నాను. రెండో మానిటర్ తిప్పి నా వైపు పెట్టుకున్నాను. డ్రైవర్ అడగలేదు, నల్ల తెర రాలేదు, ఎవరి సీరియలూ ఆగలేదు. బటన్ బాబాయ్ చేతిలో పెట్టాను. పిన్నీ నేనూ చెరొక చీటీ పట్టుకుని కూర్చున్నాం. ఆయన కళ్లజోడు సర్దుకుని, తెర చూసుకుని, నవ్వు ఆపుకున్నాడు. ఒక్కొక్కటీ తీశాడు, అన్నీ ఆ ఏడాదివే, అద్దం ముందు కోసుకుంటూ కట్టుకున్నవే. కొన్నిటికి నవ్వొచ్చింది, కొన్నిటికి కాలం చెల్లిపోయింది, ఆయనే "ఇది బాగోనేదు" అని కొట్టేశాడు. చాలా నెంబర్లు అయ్యాక ఒకచోట ఆగాడు. నోరు తెరిచాడు. నన్ను చూశాడు. అచ్చం నేను పెళ్లిళ్లలో చేసినట్టే ఉంది. నాకు తల దించుకోవాలనిపించింది.

"ఒకటే బొమ్మ" అన్నాడు, ఒక్కో మాటా పట్టి పట్టి. "దాన్నే రెండు పెట్టెల్లో ఆడించి రెండు బొమ్మలన్నాడు మావోడు."

నాకు అర్థం కాలేదు. పిన్ని కూడా తెల్లమొహం వేసింది. ఆయన తొందరపడకుండా, మమ్మల్ని కావలసినంతసేపు ఊరించి, అప్పుడు బటన్ నొక్కాడు. నా తెర మీద పదకొండు వెలిగింది. ఒకటి, దాని పక్కన అదే ఒకటి.

"ఇది గడ్డం గీసుకుంటూ కట్టింది కాదు. ఆ రోజు స్టేజీ మీదే తట్టింది" అన్నాడు. "నోటి దాకా వచ్చింది. అంటే హాలంతా నీకేసి చూసేద్దురు. మింగేసినాను."

తరువాత పిన్ని, వరుస నిండిందని చీటీ పైకెత్తి గట్టిగా అరిచింది. ఆవిడకి ఇవ్వడానికి ఇంట్లో కొత్త కుక్కరు లేదు. నేను మాత్రం ఇంకా పదకొండు వైపే చూస్తున్నాను. ఆయన మాటకీ బటన్‌కీ మధ్య, నెంబరు ఏమిటో నాకు తెలియని ఆ కాస్త సమయం ఎంత బాగుందో. దాని కోసమే జగదల్‌పూర్ వెళ్లాను, టీవీ మోశాను, ఒక వారం ఇల్లంతా నల్ల తెర చేశాను. బచేలిలో రెండు తెరల్లో రెండు బొమ్మలు చూపించిన మొదటివాణ్ని నేనే, ఆ మాట వెనక్కి తీసుకోను. కాకపోతే ఆ రెండో బొమ్మ ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది. ఈసారి ఎవరి పెళ్లిలోనైనా పదకొండు చెయ్యమంటే చేస్తాను. నోరు తెరుస్తాను, ఆగుతాను, మూసుకుంటాను. కాకపోతే ఇకనుంచి ఆ తరువాతి మాట కూడా చెబుతాను.